మంచుకొండ మీద ఉసిరి మొక్క

పోయిన ఆదివారం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతు మహా మర్యాదగా ఉంది. "ఆంటీ, కార్తీక వనభోజనాలకి మీరు ఫామ్ ఫిల్ చేశారు కదా, అందులో ఒక కాలమ్ బ్లాంక్‌గా వదిలేశారు" అన్నాడు. ఏ కాలమో నాకు తెలుసు. ఎంతమంది వస్తారు, కారం తింటారా, పిల్లలెందరు అన్నీ నింపి, ఇంటిపేరూ గోత్రమూ అడిగిన గడి మాత్రం కావాలనే వదిలేశాను.

"అన్నం తినడానికి గోత్రం ఎందుకు నాయనా?" అన్నాను.

"జస్ట్ ఫార్మాలిటీ ఆంటీ. అందరూ మనవాళ్ళే అయితే కంఫర్టబుల్‌గా ఉంటుందని. వేరేవాళ్ళవి ఇంకో రెండు గ్రూపులున్నాయి. మీరు అందులోకి వస్తారంటే ఆ లింక్ పంపిస్తాను, నో ప్రాబ్లమ్."

మాస్టర్స్ చదవడానికి వచ్చి ఏడాది కాలేదట. ఇంకా డ్రైవింగ్ లైసెన్స్ కూడా రాలేదు. ఎవరు ఎవరి పక్కన కూర్చుని పప్పన్నం తినాలో తేల్చే ఉద్యోగం మాత్రం అప్పుడే దొరికింది పాపం. ఇంతకీ వాళ్ళ వనభోజనాలకి వనం లేదు. హీటర్ పెట్టిన బాంక్వెట్ హాలు, మూల ఒక ప్లాస్టిక్ చెట్టు, దాని ముందు ఫోటోలు దిగడానికి ఎర్ర తివాచీ. మేమిప్పుడుంటున్న ఈ మోరిస్‌విల్‌లో కార్తీకమాసానికి స్వెట్టర్ కూడా అక్కర్లేదు. అడుగు బయట పెడితే ఎండ, పార్కు, చెరువు అన్నీ ఉన్నాయి. అయినా వీళ్ళకి చెట్టు కింద కూర్చుంటే ప్యాంటు మాసిపోతుంది.

నేను ఫోన్ పెట్టేసేలోగా పక్కగదిలోంచి అమ్మ కేకేసింది. "వనభోజనాలంటున్నావు, ఎక్కడే?" అమ్మకి ఎనభై దాటాయి. టీవీ గొంతు వినపడదుగాని ఆ ఒక్క మాట మాత్రం గోడ అవతలనుంచి కూడా వినపడుతుంది. ఎక్కడా లేవులే అన్నాను. ఆ సాయంత్రమంతా నా మనసు మాత్రం ఎక్కడికో పోయి కూర్చుంది.

మేము ఈ దేశంలో మొదట కాపురం పెట్టింది కెనడా సరిహద్దుకి దగ్గర్లో, కాగితం మిల్లు తప్ప మరేమీ లేని ఒక ఊళ్ళో. అప్పటికి నాకు ఏడేళ్ళు. ఊరంతా ఉడకబెట్టిన క్యాబేజీ వాసన. అది మిల్లు వాసన అని నాన్న చెప్పేదాకా, తెల్లవాళ్ళందరూ పొద్దస్తమానం క్యాబేజీయే వండుకుంటారని అనుకున్నాం. వాళ్ళు మా గురించి ఏమనుకున్నారో నాకు బళ్ళో తెలిసింది. చలికాలం కిటికీలు తెరవరు కాబట్టి తాలింపు వాసనంతా మా కోట్లకి పట్టేది. కోట్లు తగిలించే గదిలో నా కోటు పక్కన ఎవరూ తమ కోటు తగిలించేవారు కాదు. ఒక్క పిల్ల తప్ప. ఆ పిల్ల కోటుకి నా కోటుకంటే ఎక్కువ ఇంగువ కంపు. అలా మేమిద్దరం స్నేహితులమయ్యాం.

ఊళ్ళో తెలుగువాళ్ళు మొత్తం ఆరు కుటుంబాలు. కందిపప్పు కావాలంటే నాలుగు గంటలు కారులో పోవాలి. ఒకళ్ళు పోతే ఆరిళ్ళకీ తెచ్చేవారు. ఎవరిది ఏ ఊరు, ఎవరి తాతలు ఏమిటి అని అడిగే తీరిక అప్పట్లో ఎవరికీ లేదు. మంచితనం వల్ల కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆరు ఇళ్ళని ముక్కలు చేస్తే పేకాటకి నలుగురు కూడా మిగలరు, అందువల్ల.

నా స్నేహితురాలి అమ్మని నేను ఆంటీ అనేదాన్ని. మా అమ్మా ఆవిడా ఒకరినొకరు "వదినా" అనుకునేవారు. అమ్మకి ఆ మంచుదేశంలో ఉన్న ఒకే ఒక్క మనిషి ఆవిడ. అమ్మకి కారు నడపడం రాదు, ఇంగ్లీషు రాదు. నాన్న మిల్లుకీ నేను బడికీ పోయాక గోడలు చూస్తూ కూర్చునేది. పదకొండింటికి ఆంటీ ఫోన్ మోగితేనే అమ్మ మొహం వెలిగేది. అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు పదిహేను రోజులు మా ఇంటి వంట ఆవిడే చేసింది. మంచులో నడిచొచ్చి, బూట్లు గుమ్మంలో విప్పి, "ఏం వదినా, ఇవాళైనా లేచి జడ వేయించుకుంటావా?" అంటూ లోపలికొచ్చేది. అలాంటి మనిషి దొరకడం అదృష్టమని ఇప్పుడు తెలుస్తోంది. పదకొండేళ్ళ వెధవకి అప్పుడేం తెలుస్తుంది.

ఆంటీ తన ఊరినుంచి వచ్చేటప్పుడు నాలుగు ఉసిరి గింజలు చేతిరుమాలులో కట్టి తెచ్చుకుంది. మూడు చచ్చాయి. ఒకటి మొలిచింది. రంగుల డబ్బా ఒకటి కడిగి, దాంట్లో మట్టి పోసి, హీటరు పక్క కిటికీ దగ్గర పెట్టి, చంటిపిల్లని సాకినట్టు సాకింది. రెండేళ్ళకి మోకాలెత్తు వచ్చింది. దానికి సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకునే అలవాటు. నేనూ నా స్నేహితురాలూ దాని ముందు పడుకుని, ఎవరి వైపు కొమ్మ ముందు ముడుచుకుంటుందా అని పందెం వేసుకునేవాళ్ళం.

ఉసిరి మొక్క ఉంది కాబట్టి కార్తీకమాసంలో వనభోజనాలకి పోదామన్నది కూడా ఆంటీయే. ఆ మాసం మన దగ్గర ఎలా ఉంటుందో పెద్దవాళ్ళు గుర్తు పెట్టుకున్నారుగాని, ఇక్కడ ఎలా ఉంటుందో కిటికీలోంచి చూడటం మరిచిపోయారు. అప్పటికే రెండుసార్లు మంచు పడింది. అయినా బయలుదేరాం.

ఊరికి అరగంట దూరంలో ఒక గుట్ట ఉండేది. అక్కడివాళ్ళు దాన్ని మౌంటెన్ అంటారు. నలభై నిమిషాల నడక, అదీ మధ్యలో రెండుసార్లు ఆగి గ్రీన్‌కార్డు గురించి మాట్లాడుకుంటే. దారి ఎంత సులువుగా ఉండేదంటే కుక్కల్ని తిప్పే ముసలమ్మలు మమ్మల్ని దాటిపోయి, పైన తిరిగి, మళ్ళీ ఎదురొచ్చేవారు. మా మగవాళ్ళు మాత్రం ఎవరెస్టుకి పోతున్నట్టు తయారయ్యేవారు. మంకీ క్యాపులు, దాని మీద మఫ్లర్లు, ముక్కులు మాత్రం బయట. చేతిలో ఒక్క గిన్నె ఉండదు. గిన్నెలన్నీ ఆడవాళ్ళ చేతుల్లో. థర్మల్ లాగుల మీద పట్టుచీరలు, వాటి కింద మంచు బూట్లు, మంచుకి తడిసి బరువెక్కిన కుచ్చిళ్ళు ఈడ్చుకుంటూ నడిచేవారు.

ముందు నడిచేది ఒక పెద్దమనిషి. అమ్మా ఆంటీ ఆయనకి వెనకాల పెట్టిన పేరు అధ్యక్షులవారు. దేనికీ అధ్యక్షుడు కాదు. ఊళ్ళో ముందుగా రెండంతస్తుల ఇల్లు కొన్నాడు, అంతే. ఇంట్లో నేలమాళిగలో పది మడత కుర్చీలున్నాయి కాబట్టి ఆయన నోరు తెరిస్తే అందరూ వినాలి. నాన్న అందరికంటే ఎక్కువ వినేవాడు. నాన్నకి వెన్నెముక ఉందని ఎక్స్‌రేలో తప్ప చూసినవాళ్ళు లేరు.

పిల్లలం మేము వెనకబడేవాళ్ళం. బూట్లలోకి నీళ్ళు పోకుండా మేజోళ్ళ మీద బ్రెడ్డు కవర్లు తొడిగేవారు. నడుస్తుంటే కాళ్ళు గరగరమని చప్పుడు చేసేవి. పైన్ చెట్ల కింద గాలి ఆగిపోయి ఒక రకమైన వెచ్చదనం ఉండేది. జిగురు వాసన, తడిసిన ఆకుల వాసన, వాటి మధ్యలోంచి ఎవరి గిన్నెలోంచో ఆవపెట్టిన పులిహోర వాసన. ఉన్నట్టుండి కొమ్మ మీది మంచు కుప్పగా ఎవరో ఒకరి సిగలో పడేది. తెల్ల బెరడు చెట్లుంటే ఆ బెరడు కాగితంలా ఊడొచ్చేది. దాని మీద మేమిద్దరం గోటితో అధ్యక్షులవారి బొమ్మ గీసేవాళ్ళం. మంకీ క్యాపు గీస్తే చాలు, పోలిక వచ్చేసేది.

గుట్ట తల మీద అంతా అడవే. ఒక్కచోట మాత్రం చెట్లు విడిపోయి పెద్ద రాతి చప్టా ఉండేది. అక్కడ నిలబడితే కింద మూడు సరస్సులు. అంచుల్లో తెల్లగా గడ్డకట్టి, నడుమ నల్లగా నీళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. అధ్యక్షులవారికి వచ్చింది. "మా ఊరి చెరువు దీనికి రెండింతలుంటుంది" అన్నారు. ఆయన ఊరి చెరువు నేను తర్వాతెప్పుడో చూశాను. గేదెలు నిలబడితే మోకాళ్ళు తడవవు.

మొక్కని మోసేది ఆంటీ ఒక్కతే. ఎవరికీ ఇచ్చేది కాదు. డబ్బాని పొట్టకి ఆనించుకుని, పైన ఉన్ని దుప్పటి చుట్టి, మొక్క తలకి కూడా ముసుగేసి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చేది. ఎదురొచ్చిన తెల్లవాళ్ళు పసిపిల్ల అనుకుని ముచ్చటగా తొంగిచూసి, ఆకులు కనపడగానే మాట్లాడకుండా పోయేవారు. పైకెక్కాక గాలి తగలని మూల రాతి పక్కన డబ్బా దించి, దుప్పటి తీసి, "తొందరగా తిరగండి, దానికి చలేస్తుంది" అనేది. అందరం గబగబా మూడు ప్రదక్షిణలు చేసేవాళ్ళం. పిండి దీపం వెలిగిస్తే గాలికి నాలుగుసార్లు ఆరిపోయేది. అయిదోసారి వెలిగిందో లేదో దండం పెట్టేసి మళ్ళీ దుప్పటి కప్పేసేది. దేవుడికి దుప్పటి కప్పి, దాని చుట్టూ కూర్చుని అన్నాలు తిన్నవాళ్ళం మేమే అయివుంటాం.

ఆ అన్నాలేమిటో చెప్పాలి. గారెలు పళ్ళకింద రాళ్ళు. పెరుగన్నం ఐసుక్రీము. నెయ్యి గరిటెకి అతుక్కుని పడనంటుంది. కాని ఆంటీ క్రాన్‌బెర్రీలతో చేసిన పులిహోర ఒకటుండేది. చింతపండు దొరక్క ఒక ఏడు ఆ ఎర్రపళ్ళు ఉడకబెట్టి కలిపిందట, ఇక అదే స్థిరపడింది. పులుపు చెవులదాకా పాకేది. అందులో వేరుశనగపప్పులు ఏరుకుని తిని, మిగతాది మంచులో పాతిపెట్టి దొరికిపోయాం మేమిద్దరం. ఇంకోసారి పూర్ణాలకని ఫ్లాస్కులో వేడిగా తెచ్చిన బెల్లం పాకం గిన్నెలో పోసుకుని ఎత్తుకుపోయాం. "నువ్వు ఎవరైనా వస్తారేమో చూస్తూ ఉండు, నేను పోస్తా. మమ్మీ చూస్తే మన పని అవుట్" అంది నా స్నేహితురాలు. వేడిపాకం మంచు మీద తీగలా పోస్తే క్షణంలో గట్టిపడేది. దాన్ని విరిచి చప్పరిస్తూ చెట్టు వెనక దాక్కున్నాం. ఆంటీ చూసింది. చూసి, గిన్నెలో ఇంకొంచెం పాకం పోసి పోయింది.

అలా మూడేళ్ళు.

నాలుగో ఏడు పక్క ఊళ్ళో ఏదో కొత్త ఫ్యాక్టరీ వచ్చింది. ఉద్యోగాలకని మనవాళ్ళు దిగారు. మనవాళ్ళు అనే మాటకి అప్పటిదాకా నాకు తెలిసిన అర్థం తెలుగువాళ్ళు అని. ఆ ఏడు ఆ మాట చిన్నదైపోయింది. అధ్యక్షులవారి నేలమాళిగలో మడత కుర్చీలు నిండాయి. నేను మెట్ల మీద కూర్చుని పల్లీలు తింటూ విన్నాను.

"మనవాళ్ళు పన్నెండు కుటుంబాలయ్యారు. ఇంక మనకంటూ ఒకటుండాలి కదండీ" అన్నారు అధ్యక్షులవారు.

"మరి వాళ్ళు?" అన్నాడు నాన్న. నాన్న అంతమాత్రం అడగడమే గొప్ప.

"వాళ్ళకీ వాళ్ళవాళ్ళు వస్తారులేండి. మనం ఏమన్నా వద్దన్నామా? ఎవరి కంఫర్ట్ వాళ్ళది."

నాన్న బుర్ర ఊపాడు. అప్పుడు అధ్యక్షులవారి భార్యకి అసలు సమస్య తట్టింది. "ఉసిరి లేకుండా వనభోజనాలేమిటండీ? మొక్క వాళ్ళింట్లోనే కదా ఉంది" అంది. కాసేపు అందరూ ఆలోచించారు. చదువుకున్న మనుషులు, ఇంజనీర్లు, ఒక డాక్టరు కూడా ఉన్నాడు. "మొక్కకేముంది, అడిగితే ఇస్తారు" అని తేల్చారు. మనిషి పనికిరాదు, మనిషి పెంచిన మొక్క పనికొస్తుంది. ఆ తీర్మానానికి ఒక్కరు కూడా నవ్వలేదు.

ఇంటికొచ్చాక అమ్మ నాన్నతో తను రానంది. రాకపోతే ఏమనుకుంటారన్నాడు నాన్న. అమ్మ చాలాసేపు సింకు ముందు నిలబడింది. తర్వాత, "సరే, వస్తాను. శనివారం నేనే వదినకి ఫోన్ చేసి చెప్తాను. ఇలా వేరుగా పోతున్నారు, నాకు తప్పట్లేదు అని ఉన్నదున్నట్టు చెప్తాను. తిడితే పడతాను. ఆవిడ దగ్గర మాత్రం దాపరికం వద్దు" అంది. దాచితే ఆ మనిషి తనకి దక్కదని అమ్మకి తెలుసు. ఆవిడ కోపాన్నయినా భరిస్తుందిగాని, ఆ పదకొండు గంటల ఫోను లేకుండా అమ్మ బతకలేదు. అది నాకు కూడా తెలుసు.

శుక్రవారం బడినుంచి రోజూలాగే నా స్నేహితురాలితో వాళ్ళింటికి పోవాలి. ముందురోజే అధ్యక్షులవారి భార్య ఫోన్ చేసి, అమ్మని కాదు, నన్నే అడిగింది. "నువ్వెలాగూ వెళ్తావు కదమ్మా, మీ అమ్మ అడిగిందని చెప్పి మొక్క తెచ్చెయ్యి." అంతే చెప్పింది. ఇంకేమీ చెప్పమనలేదు.

ఆంటీ వంటింట్లో క్రాన్‌బెర్రీలు కడుగుతోంది. మొక్క అడిగాను. "తీసుకెళ్ళు తల్లీ, దుప్పటి మాత్రం తియ్యకు. ఆదివారమేనా పోయేది? గారెలకి పప్పు ఎంత పొయ్యమంది అమ్మ?" అంది.

"ఈ ఏడు లేవంట ఆంటీ. చలి ఎక్కువ కదా. అమ్మ ఇంట్లోనే పూజ చేసుకుంటుందంట" అన్నాను.

ఆ మాట నాకెవరూ నేర్పలేదు. ఎందుకన్నానంటే, ఆ నెలలోనే నా స్నేహితురాలికి గులాబీరంగు కోటు కొన్నారు, నాకు కొనలేదు. బళ్ళో తన పద్యానికి బహుమతి వచ్చింది, నాకు రాలేదు. మెట్ల మీద కూర్చుని విన్నప్పటినుంచీ నా దగ్గర మాత్రం తన దగ్గర లేనిదొకటి ఉంది. నేను మనవాళ్ళలో ఉన్నాను, తను లేదు. ఆ సుఖం పల్లీలకంటే రుచిగా ఉంది. అధ్యక్షులవారిని తిట్టడానికి నాకు నోరు బాగానే ఉందిగాని, ఆయనకి నలభై ఏళ్ళు పట్టిన చదువు నాకు ఒక్క సాయంత్రంలో వచ్చేసింది.

శనివారం అమ్మ మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని మరీ ఫోన్ చేసింది. అవతల ఆంటీ గొంతు నాకు వినపడుతోంది. "చెప్పిందిలే వదినా మీ అమ్మాయి. మానేసి మంచిపని చేశారు, ఈ చలిలో పిల్లలతో ఎందుకు." అమ్మ నా వంక చూసింది. ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "అవును వదినా" అంది. పెట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. చెప్పక్కర్లేకుండా పోయిందన్న ఊరట అమ్మ మొహంలో ఒక్క క్షణం కనపడింది. దానికే సిగ్గుపడినట్టు వంటింట్లోకి పోయింది.

ఆదివారం గుట్ట ఎక్కాం. కొత్తవాళ్ళకి తోవ తెలియదు కాబట్టి అధ్యక్షులవారు చేతికర్రతో చెట్లని చూపిస్తూ ఉపన్యాసం ఇచ్చారు. చెట్ల పేర్లు ఒక్కటీ సరిగా చెప్పలేదు. మాటలన్నీ ఎవరి బావమరిదికి వీసా వచ్చింది, ఎవరు ఏ కారు కొన్నారు అనే. వెనక నేనొక్కదాన్ని నడిచాను. కాళ్ళకింద మంచు అదే, జిగురు వాసన అదే. బెరడు ఊడదీశానుగాని చూపించడానికి పక్కన ఎవరూ లేరు. మొక్కని ఎవరో అంకుల్ డబ్బా అంచు పట్టుకుని ఊపుకుంటూ మోశాడు. దుప్పటి కారులోనే ఉండిపోయింది. నేను చెప్పొచ్చు. చెప్పలేదు.

రాతి మీద మొక్కని గాలికి ఎదురుగా పెట్టారు, ఫోటోలో సరస్సులు కూడా పడాలని. ప్రదక్షిణలయ్యాయి. దాన్నలాగే వదిలేసి విస్తర్లు వేశారు. అమ్మ గరిటె పట్టుకుని వడ్డిస్తోంది. సగం బంతి అయ్యేసరికి చెట్లలోంచి ముగ్గురు వచ్చారు. ముందు ఆంటీ భర్త, మా అంకుల్, చేతిలో మూడు గిన్నెల క్యారియర్. వెనక ఆంటీ. ఆవిడ చెయ్యి పట్టుకుని గులాబీరంగు కోటు.

వాళ్ళు ఎందుకు రారు? కార్తీకం కార్తీకమే కదా. మేము మానేశామని విని, మొక్క మా ఇంట్లో ఉందని, ఏదో ఒక పైన్ చెట్టు కింద కూర్చుని తిందామని వచ్చారు. నా అబద్ధంలో ఆ చిల్లు నాకు తట్టలేదు.

అధ్యక్షులవారు చెయ్యి కడుక్కోకుండానే లేచారు. "రండి రండి. మీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నాం, ఇంతలో..." అన్నారు. ఇంతలో ఏమైందో ఆయనకీ తెలియదు. ఆంటీ ఆయన వంక చూడలేదు. అమ్మ వంక చూసింది. అమ్మ చేతిలో గరిటెలోంచి పులుసు మంచులోకి కారుతోంది.

ఆంటీ మొక్క దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆకులు నల్లబడి వేలాడుతున్నాయి. రెండు వేళ్ళతో ఒక కొమ్మ ఎత్తింది, అది మళ్ళీ వాలిపోయింది. ఒంటి మీది శాలువా తీసి డబ్బాకి చుట్టింది.

"సాయంత్రం మేమే పంపిద్దామనుకున్నామండీ" అంది అధ్యక్షులవారి భార్య.

"పర్లేదండీ. ఎలాగూ వచ్చాం కదా" అంది ఆంటీ.

"భోంచేసి వెళ్ళండి" అన్నాడు నాన్న. చచ్చు మాట, కాని అంతమందిలో ఆ చచ్చు మాటైనా అన్నది నాన్నొక్కడే.

"తినేసే వచ్చామండీ" అన్నాడు అంకుల్. ఆయన చేతిలో క్యారియర్ మూతలోంచి ఆవిరి వస్తోంది. ఆంటీ డబ్బా ఎత్తుకుంది, ముగ్గురూ వెనక్కి తిరిగి దిగిపోయారు. నా స్నేహితురాలు మలుపు దగ్గర ఒక్కసారి ఆగి నా వంక చూసింది. అప్పుడు అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, "ఆ పైన్ చెట్టు కూడా చెట్టే కదా, అటు జరుగుదాం" అన్నారు. అందరూ విస్తర్లు పట్టుకుని అటు జరిగారు. గారెలు రెండోసారి వడ్డించమన్నవాళ్ళు కూడా ఉన్నారు. అమ్మ వడ్డించింది.

సోమవారం బస్సులో నా స్నేహితురాలు వేరే సీట్లో కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "నీకు ఫ్రైడేనే తెలుసు కదా" అంది. నేను వాళ్ళ స్టాపులోనే దిగాను, అలవాటు కొద్దీ. ఆంటీ తలుపు తీసింది. ఎప్పటిలాగే పాలూ జంతికలూ పెట్టింది. కిటికీ దగ్గర డబ్బాలో పుల్ల నిలబడి ఉంది. నా ఎదురుగా కూర్చుని, చాలా మెల్లగా అడిగింది.

"వనభోజనాలు లేవని చెప్పమని అమ్మ చెప్పిందా?"

ఆవిడకి కావలసింది ఆ ఒక్క ముక్కే. లేదని నేను చెబితే అమ్మ ఆవిడకి దక్కుతుంది, ఆవిడ అమ్మకి దక్కుతుంది. నేను జంతిక నములుతూ తలూపాను. అవునన్నట్టు.

"సరే, తిను" అంది.

పదకొండు గంటల ఫోను ఆ తర్వాత మోగలేదు. అమ్మే చేసింది రెండుసార్లు, మూడుసార్లు. పని మీద ఉన్నానని పెట్టేసేది ఆంటీ. అమ్మ నాన్నని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. గుమ్మంలోనే మాట్లాడి పంపేశారు. "నేను ఫోన్‌లో అవునన్నానని కోపం. అంతే కదా, ఇంకేముంటుంది" అని అమ్మ నాన్నతో అనడం విన్నాను. ఆ అబద్ధం పుట్టింది నా నోట్లో అని ఆంటీతో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. పిల్ల మీద నెట్టడం ఇష్టం లేక చెప్పలేదు. మంచు కరిగేలోగా వాళ్ళు అరిజోనా వెళ్ళిపోయారు, అంకుల్‌కి చాండ్లర్‌లో ఏదో కంప్యూటర్ చిప్‌ల ఉద్యోగం. అమ్మ రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు అమ్మ మళ్ళీ గోడలు చూస్తూ కూర్చుంది. నేను రోజూ బడినుంచి వచ్చి ఆ మొహం చూసేదాన్ని, చూసి హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని.

గుట్ట అక్కడే ఉంది. మొన్న ఫోన్‌లో వెతికితే కనపడింది. "ఈజీ" అని రాశారు, పిల్లలతో వెళ్ళొచ్చట, పైనుంచి సరస్సులు బాగుంటాయట. అధ్యక్షులవారు పోయారు. నాన్నా పోయాడు. నిన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ మళ్ళీ అదే అడిగింది. ఇన్నేళ్ళుగా ఏడాదికోసారైనా అడిగేదే. "ఒక్క మాటకి అంత కోపమేమిటే ఆవిడకి? పదిహేను రోజులు నాకు వండిపెట్టిన మనిషి. ఒక్కసారి తిట్టేసి ఊరుకోవచ్చు కదా."

"వాళ్ళంతేలే అమ్మా" అన్నాను. ఎప్పుడూ అనేదే అన్నాను.

అమ్మ కళ్ళజోడు తీసి నా వంక చూసింది. "వాళ్ళంటే ఎవరే?" అంది.

టీ పెడతానని లేచి వంటింట్లోకి వచ్చేశాను.